బండి ఫ్రీ అయిందా?

వర్జీనియాలోని షాంటిలీ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి చరిత్ర మీద ఏదైనా చెప్పమన్నారు. రాజుల గురించీ యుద్ధాల గురించీ నాకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను మోటారుసైకిలు చరిత్ర చెబుతాను. అది కూడా మొత్తం కాదు. కొత్త బండి ఇంటికొచ్చిన రోజు మొదలు దాని ఇంజను "ఫ్రీ" అయ్యేదాకా నడిచే మొదటి కొన్ని వందల మైళ్ళ చరిత్ర మాత్రమే.

ఇంజను ఫ్రీ అవడం అనే మాట ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి తెలియదు. మన ఊళ్ళలో అయితే కొత్త బండి కనపడగానే "ఎంతకి కొన్నారు", "ఎంతిస్తోంది" అన్న రెండు ప్రశ్నల తర్వాత మూడోది ఇదే. "ఫ్రీ అయిందా?" ఇంకా అవలేదంటే "అయితే నలభై దాటనివ్వకండి" అని ఒక ఉచిత సలహా. ఆ సలహా ఇచ్చేవాడికి సొంత బండి ఉండాలన్న నియమమేమీ లేదు.

అసలు ఏం జరుగుతుందో ముందు చెప్పుకుందాం. కొత్త ఇంజను సిలిండరు లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటాం. ఉండదు. దాని మీద కావాలనే సన్నటి గీతలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునేలా గీస్తారు. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు ఈ గోడని ఒరుసుకుంటూ నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందికీ తిరుగుతాయి. మొదట్లో ఆ గీతల మొనలు అరిగి, రింగూ గోడా ఒకదానికొకటి కుదురుకోవాలి. అలా రాలిన లోహపు రజనంతా ఆయిల్లోకి దిగుతుంది. అందుకే మొదటి ఆయిలు త్వరగా మార్చేయాలి. మా అమ్మమ్మ కొత్త రుబ్బురోలు కొన్నప్పుడు మొదట తవుడూ నూకలూ వేసి రుబ్బి, ఆ పిండి పారబోసేది. రోట్లో ఇసుక పోయేదాకా ఇంట్లో ఎవరికీ పచ్చడి లేదు. ఇదీ అదే పని.

బండిని మొదట్లోనే తెగ తోలితే పిస్టను వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఇంకా కుదురుకోని సిలిండరులో దానికి చోటు చాలదు. బిగుసుకుపోతుంది. దాన్నే "సీజు అవడం" అంటారు. నడిరోడ్డు మీద వెనక చక్రం టక్కున ఆగిపోతుంది. ఆ తర్వాత మెకానిక్కు, బోరింగు, కొత్త పిస్టను, ఖర్చు. అలాగని మరీ ముద్దు చేసి నడిపినా మంచిది కాదు. సిలిండరులో మండే గాలి ఒత్తిడే రింగుల్ని గోడకి అదుముతుంది. ఒత్తిడి చాలకపోతే గోడ పైపైన నునుపుదేరి, రింగులు సరిగ్గా పట్టవు, బండి జీవితాంతం ఆయిలు తాగుతూనే ఉంటుంది. కొంచెం బరువు పెట్టాలి, కొంచెం వదలాలి, ఒకే వేగంతో పోకూడదు. ఈ రెండో సంగతి మన ఊరి సలహాదారులు ఎప్పుడూ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం మన దేశంలో మోటారు బండి కొనడానికి డబ్బుంటే చాలేది కాదు. ఎవరు తయారు చెయ్యాలి, ఎన్ని తయారు చెయ్యాలి అన్నది ఢిల్లీలో లైసెన్సులిచ్చేవాళ్ళు నిర్ణయించేవారు. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మొదలయింది. మైసూరులో ఐడియల్ జావా 1960ల మొదట్లో చెకోస్లొవేకియా సాయంతో బళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. అవే తర్వాత యెజ్దీలయ్యాయి. ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ పోలండు నమూనా మీద తయారయ్యేది. బజాజ్ వాళ్ళు ఇటలీకి చెందిన పియాజియో లైసెన్సుతో వెస్పా స్కూటర్లు చేసి, 1971లో ఆ ఒప్పందం ముగిశాక, 1972 నుంచి అదే తరహా బండిని చేతక్ పేరుతో అమ్మారు. హైదరాబాదులో పుష్పక్ అనే స్కూటరు కూడా తయారయ్యేది. పేరు మాత్రం గొప్పది.

స్కూటర్ల అమ్మకాల మీద కేంద్రం 1960లోనే నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. డిపాజిట్ కట్టి పేరు రాయించుకోవాలి. వరుసలో వంతు రావాలి. బజాజ్‌కి ఆ వరుస పదేళ్ళ దాకా సాగేది. పెళ్ళికాని కుర్రాడు బుక్ చేసుకుంటే బండి వచ్చేసరికి ముందు నిలబడ్డానికి ఒక పిల్లవాడు, వెనక ఒళ్ళో ఒకడు తయారుగా ఉండేవారు. వంతు వచ్చినవాడు బండిని ఆ మర్నాడే మరొకరికి అమ్మేసి లాభం చేసుకోవడం కూడా మామూలే. కొత్తదాని కంటే పాతదానికి ఎక్కువ ధర పలికిన రోజులవి.

మా ఇంటి సంగతి చెబుతాను. నాన్నగారు తెనాలిలో స్కూలు మేష్టారు. 1974లో బజాజ్ స్కూటరుకి డిపాజిట్ కట్టారు. ఆ రసీదు బీరువాలో, ఇంటి దస్తావేజులున్న సంచిలోనే ఉండేది. ఏడాదికోసారి దసరా సెలవుల్లో దాన్ని తీసి చూసి మళ్ళీ పెట్టేవారు. ఆయుధ పూజ నాడు మా ఇంట్లో సైకిలుకి బొట్టు పెట్టేవాళ్ళం. "వచ్చే ఏడు స్కూటరుకి పెడదాం" అని అమ్మ ప్రతి ఏడూ అనేది. 1983లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. అప్పుడే వచ్చిన రామారావుగారి ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గించింది. నాన్నగారికి అప్పటికి 56. స్కూలుకి వెళ్ళే పని ఒక్కసారిగా ఆగిపోయింది. అది జరిగిన కొన్ని నెలలకి గుంటూరు డీలరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది, మీ వంతు వచ్చిందని.

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బండి. కానీ అదే వేసవిలో మా అక్క పెళ్ళి కుదిరింది. అబ్బాయిది విజయవాడలో ఉద్యోగం. కట్నం మాకేమీ వద్దండీ, అబ్బాయి ఆఫీసుకి దూరం, స్కూటరొకటి లాంఛనంగా ఇప్పించండి అన్నారు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. లాంఛనం అన్న మాట ఆ చట్టానికి అందదని అప్పట్లో అందరికీ ఒక నమ్మకం. మీలో చాలామందికి అలకపాన్పు గుర్తుండే ఉంటుంది. పెళ్ళికొడుకు మంచం మీద అలిగి కూర్చుంటే అత్తవారు అడిగిందిచ్చి బుజ్జగించాలి. పూర్వం ఉంగరమో, ఆవునో అడిగేవారట. నాకు తెలిసిన కాలంలో మొదట వాచీ, తర్వాత సైకిలు, తర్వాత స్కూటరు, ఆ పైన బుల్లెట్టు. మన దేశంలో వాహన పరిశ్రమ ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే ప్రభుత్వ నివేదికలక్కర్లేదు, అలకపాన్పుల జాబితా రాసుకుంటే చాలు. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ నవ్వు ఆడపిల్ల తండ్రి ముఖంలో ఉండేది కాదు.

నాన్నగారు సరేనన్నారు. అయితే ఒక్క మాట అడిగారు. "బండి కొత్తది. ఇంజను ఫ్రీ కాకుండా కుర్రాడి చేతికిస్తే పాడైపోతుంది. పెళ్ళికింకా రెండు నెలలుంది కదా, నేను ఫ్రీ చేసి మరీ పంపిస్తాను" అన్నారు. వాళ్ళకి అందులో కాదనడానికేమీ కనపడలేదు.

ఆ రెండు నెలలూ నేను వెనక సీటు మీద ఉన్నాను. గుంటూరు నుంచి నందివెలుగు మీదుగా ముప్ఫై కిలోమీటర్ల వేగంతో ఇంటికి తెచ్చారు. సీటు మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. బండి ఇవ్వాల్సింది వేరేవాళ్ళకి కదా. పొద్దున్నే లేచి, బండిని ఓ పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, కిక్కు కొట్టేవారు. పాత బజాజ్‌లకి అలా వంచితేనే గానీ తృప్తి ఉండేది కాదు. పెట్రోలు బంకులో ఆయిలు కలుపుతుంటే దగ్గర నిలబడి కొలత చూసేవారు. టూ స్ట్రోకు ఇంజనుకి విడిగా ఆయిలు సంపు ఉండదు, పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టనుకి దిక్కు. ఒక రోజు దుగ్గిరాల, ఒక రోజు కొల్లిపర, ఒక రోజు రేపల్లె దాకా. పనేమీ లేదు. పాతిక కిలోమీటర్లు పోయాక ఒక చెట్టు కింద ఆపి, ఇంజను చల్లారేదాకా సోడా తాగేవాళ్ళం. "దాన్ని వింటున్నావా? మొన్నటికంటే గొంతు మెత్తబడింది" అనేవారు. నాకేమీ తేడా తెలిసేది కాదు. ఆయన చిన్న డైరీలో ఏ రోజు ఎంత తిరిగిందీ, ఎంత పెట్రోలు పోశారూ రాసుకున్నారు.

పెళ్ళి నాలుగు రోజులుందనగా మీటరు మీద ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు ఉన్నాయి. బండి కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, తనే నడుపుకుంటూ విజయవాడ తీసుకెళ్ళి, వియ్యంకుడిగారింట్లో అప్పజెప్పారు. తిరిగి ప్యాసింజరు బండిలో వచ్చారు. స్టేషన్ నుంచి ఇంటికి నడిచే వచ్చారు. ఎలా ఉంది బండి అని అమ్మ అడిగితే "ఫ్రీ అయింది" అన్నారు.

నేను 1984లో ఇక్కడికి చదువుకోడానికి వచ్చాను. మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో స్కూటరు కొనడానికి ఒక అడ్డదారి ఉండేది. చట్టబద్ధమైన అడ్డదారే. విదేశీ మారకంలో డబ్బు కడితే వరుసతో పని లేకుండా బండి ఇచ్చేవారు. దేశానికి డాలర్లు కావాలి, మనవాళ్ళకి స్కూటర్లు కావాలి. దుబాయి నుంచీ, అమెరికా నుంచీ వెళ్ళిన డాలర్లతో ఆంధ్రదేశంలో ఎన్ని చేతక్‌లు రోడ్డెక్కాయో లెక్క ఎవరూ రాసినట్టు లేదు గానీ, ప్రతి వీధిలోనూ "వాళ్ళబ్బాయి పంపించాడు" అనే బండి ఒకటి ఉండేది. 1987లో నేనూ పంపించాను. కొద్ది వారాల్లోనే వచ్చేసింది. తొమ్మిదేళ్ళ పని వారాల్లో అయిపోవడం నాన్నగారికి అంతగా నచ్చలేదేమో, ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు, అందిందని. మొదటి వెయ్యి కిలోమీటర్లూ నలభై దాటలేదట. ఆ తర్వాత పద్నాలుగేళ్ళలో కూడా నలభై దాటలేదని అమ్మ చెప్పేది.

ఈలోగా అసలు వరుసలే లేకుండా పోయాయి. 1980ల మొదట్లో ప్రభుత్వం చిన్న మోటారుసైకిళ్ళకి జపాను కంపెనీలతో కలవడానికి అనుమతులిచ్చింది. 1984లో ఇండ్-సుజుకి వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు చివర్లో యమహా ఆరెక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్. అన్నీ వంద సీసీ బళ్ళే. హీరో హోండా వాళ్ళు ఫోర్ స్ట్రోకు బండి తెచ్చి, పెట్రోలు పోసి మర్చిపొమ్మన్నారు. బంకులో ఆయిలు కలిపించే బాధ లేదు, లీటరుకి ఎంత దూరం పోతుందో చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. ఆరెక్స్ దారి వేరు. తేలికైన ఒంట్లో 11 గుర్రాల బలం. ఆ కుర్రాళ్ళకి నలభై దాటొద్దని చెప్పగల మొనగాడు ఏ ఊళ్ళోనూ లేడు. 1996లో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పటికీ బాగా చూసుకున్న పాత ఆరెక్స్ కోసం అప్పటి కొత్తదాని ధరకి ఎన్నో రెట్లు పెట్టి కొనేవాళ్ళున్నారు.

జపాను బళ్ళతో ఇంకో మార్పు కూడా వచ్చింది. యంత్రాల మీద లోహాన్ని కోసే నేర్పు పెరిగి, భాగాలు మొదటినుంచీ దాదాపు కుదిరే వచ్చేవి. ఫ్రీ చెయ్యాల్సిన అవసరం తగ్గింది. పుస్తకంలో మాత్రం మొదటి వెయ్యి కిలోమీటర్లు జాగ్రత్త అని రాయడం ఎవరూ మానలేదు. ఇప్పటికీ మానలేదు.

ఇక బుల్లెట్టు. దీని చరిత్రలో ఒక తమాషా ఉంది, ఇక్కడున్న మనకి మరీ తమాషా. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు మొదటి మోటారుసైకిలు చేసింది 1901లో. సరిగ్గా అదే ఏడు అమెరికాలో, మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డులో "ఇండియన్" అనే మోటారుసైకిలు పుట్టింది. ఆ ఇండియన్ మనం కాదు, ఇక్కడి ఆదివాసులు. హార్లీ డేవిడ్‌సన్ కంటే రెండేళ్ళు పెద్ద. 1953లో ఆ కంపెనీ స్ప్రింగ్‌ఫీల్డులో తయారీ ఆపేసింది. పేరుకి మాత్రం మార్కెట్లో విలువ ఉంది కదా, అందుకని 1955 నుంచి 1959 దాకా ఇంగ్లండు నుంచి రాయల్ ఎన్‌ఫీల్డు బళ్ళు తెప్పించి, వాటి ట్యాంకు మీద ఇండియన్ అని రాసి అమెరికాలో అమ్మారు. ఇటు మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయింది కూడా 1955లోనే. అంటే ఒకే ఏడాది ఒకే ఇంగ్లీషు బండి రెండు చోట్ల ఇండియన్ అయింది. ఒకచోట స్టిక్కరు మీద, ఒకచోట నిజంగా.

నిజంగా అయిన చోట అది నిలిచింది. మన సైన్యానికి సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి గట్టి బండి కావలసి వచ్చి 1950ల మొదట్లో బుల్లెట్లకి ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరు బలం మీదే మద్రాసు మోటార్స్ వాళ్ళు ఇంగ్లీషు కంపెనీతో కలిసి తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు, 1962కల్లా మొత్తం ఇక్కడే తయారయింది. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతబడింది. 1970కల్లా ఇంగ్లండులో ఆ పేరుతో బండి తయారవడమే ఆగిపోయింది. తిరువొత్తియూరులో మాత్రం అదే 1950ల నాటి ఇంజను అలాగే తయారవుతూ వచ్చింది. 1977 నుంచి ఆ బళ్ళని తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి చేశారు. తాత ఊరికి మనవడు వెళ్ళినట్టు.

మన పల్లెల్లో బుల్లెట్టంటే పోలీసులు, మోతుబరి రైతులు, అప్పుడప్పుడూ ఒక డాక్టరు. పొలిమేరలో ఉండగానే ఎవరు వస్తున్నారో ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసిపోయేది, కాఫీకి పాలు పెట్టేసేవారు. దాన్ని స్టార్టు చెయ్యడం ఒక క్రతువు. చిన్న లీవరు నొక్కి, కిక్కు రాడ్డుని మెల్లగా తొక్కుతూ, యాంపియర్ మీటరులో ముల్లు మధ్యకి వచ్చేదాకా చూసి, అప్పుడు ఒకే ఒక్క తొక్కుడు. తప్పితే రాడ్డు వెనక్కి తంతుంది. గేర్లు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. అలాంటి బండి ఫ్రీ అవడానికి కూడా దాని తీరికే దానిది. పోత ఇనుము సిలిండరు. కొత్త బుల్లెట్టు కొన్నవాళ్ళు రెండు వేల కిలోమీటర్ల దాకా దాన్ని కొత్త కోడలిలా చూసుకునేవాళ్ళు. ఈ పోలిక మా అక్క వింటే ఊరుకోదు, కొత్త కోడళ్ళని అంత బాగా ఎవరు చూశారూ అంటుంది.

1994లో ఐషర్ వాళ్ళు కంపెనీ తీసుకున్నారు. 2000 ప్రాంతంలో ఈ మోటారుసైకిళ్ళ వ్యాపారం మూసేద్దామా, అమ్మేద్దామా అనే దాకా వచ్చింది. యజమాని కుటుంబంలో కుర్రవాడు సిద్ధార్థ లాల్ కొంత గడువు అడిగి నిలబెట్టాడు. 2024-25లో వాళ్ళు అమ్మిన బళ్ళు పది లక్షలు దాటాయి. మధ్యలో 2021లో మోహన భోగరాజు "బుల్లెట్టు బండి" పాట పాడితే పెళ్ళికూతుళ్ళు బరాతుల్లో దానికి నాట్యం చేశారు. అలకపాన్పు మీద పెళ్ళికొడుకు అడిగిన బండి, పెళ్ళికూతురి పాటలోకి వచ్చింది. ఇది చిన్న మార్పేమీ కాదని నా ఉద్దేశం.

అమెరికాలో ఈ బళ్ళని చాలాకాలం మినెసోటాలోని ఫారిబో అనే చిన్న ఊరి నుంచి ఒక సంస్థ దిగుమతి చేసి అమ్మింది. 2015లో కంపెనీ తన సొంత ఆఫీసు తెరిచింది. ఎక్కడో తెలుసా? మిల్వాకీలో. అంటే హార్లీవాడి పెరట్లో. హార్లీ మన దేశానికి వచ్చిన కథ కూడా ఒకటుంది. 2007లో మన మామిడిపళ్ళ మీద పద్దెనిమిదేళ్ళుగా ఉన్న నిషేధాన్ని అమెరికా ఎత్తేసింది, దానికి బదులుగా పెద్ద మోటారుసైకిళ్ళ పొగ నిబంధనల్ని మనవాళ్ళు సడలించారు. వేసవిలో ఇండియన్ స్టోర్‌లో పెట్టె ధర చూసి గుండె పట్టుకునేటప్పుడు, ఆ పళ్ళు హార్లీలకి మారు బేరమని గుర్తు చేసుకోండి. హార్లీ సొంతంగా అక్కడ నిలదొక్కుకోలేక 2020లో తయారీ ఆపి, తర్వాత హీరో వాళ్ళతో కలిసింది. మామిడిపళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

2018లో రాయల్ ఎన్‌ఫీల్డు వాళ్ళు రెండు సిలిండర్ల 650 సీసీ బండి తెచ్చారు. ఇంటర్‌సెప్టర్ అనే పాత పేరు పెట్టారు. అమెరికాలో ఆ పేరు హోండా వాళ్ళ సొత్తు కాబట్టి ఇక్కడ ఐ.ఎన్.టి. 650 అని అమ్ముతారు. 2019 వసంతంలో నేను ఒకటి కొన్నాను. బండి మెడ మీద ఉండే ఛాసిస్ నంబరు ఎం.ఇ. అనే అక్షరాలతో మొదలవుతుంది. అది మన దేశపు గుర్తు. మద్రాసు దగ్గర తయారైన బండిని డాలర్లిచ్చి కొనడం నాకిది మొదటిసారి. స్కూటరుకి పంపినప్పుడు డాలర్లు అటు వెళ్ళాయి, బండీ అక్కడే ఉంది. ఇప్పుడు డాలర్లు అటూ, బండి ఇటూ.

మా ఆవిడ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. ఆవిడ వాదన తప్పని చెప్పలేను. ఈ దేశంలో మైలుకి మైలు లెక్క వేస్తే కారులో వెళ్ళేవాళ్ళ కంటే మోటారుసైకిలు మీద వెళ్ళేవాళ్ళు చనిపోయే అవకాశం ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. యాభై ఏడేళ్ళ వయసులో నీకిదేం బుద్ధి అంది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది, క్లాసుకి వెళ్ళి నేర్చుకోవాలి. వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీల ద్వారా ఈ శిక్షణ ఇస్తారు. ఖాళీ పార్కింగు లాటులో, చిన్న బళ్ళ మీద, రెండు రోజులు. తెనాలిలో నాకు మోటారుసైకిలు నేర్పినవాడు చెప్పింది ఒక్కటే, క్లచ్చు మెల్లగా వదలమని. బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదేననీ, మలుపులో నువ్వెటు చూస్తే బండి అటే పోతుందనీ ఇక్కడే మొదటిసారి విన్నాను. పాసయితే లైసెన్సు మీద ఎం అనే అక్షరం చేరుస్తారు. నడిపేవాళ్ళకీ, వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్టు ఇక్కడ చట్టం. మీ ఇంట్లో కుర్రాళ్ళెవరైనా బండి కావాలంటుంటే ముందు ఆ క్లాసుకి పంపించండి. కొందరు అక్కడే తమకీ సరదా వద్దని తేల్చుకుంటారు, అదీ మంచిదే.

పూజకి మా ఊళ్ళోనే ఉన్న రాజధాని మందిరానికి తీసుకెళ్ళాను. వరసగా మూడు పెద్ద వ్యానుల పక్కన నా బండి. నిమ్మకాయలు కారుకైతే నాలుగు కావాలి, నాకు రెండే.

ఇక ఫ్రీ చెయ్యడం. 66వ నంబరు హైవే అందుకు పనికిరాదు, ఒకే వేగంతో గంటలు గంటలు పోవాలి. మాకు రూట్ 50 ఉంది. షాంటిలీ నుంచి పడమరకి పోతే సౌత్ రైడింగ్ దాకా సిగ్నళ్ళే. ఆ తర్వాత గిల్బర్ట్స్ కార్నర్ దాటితే రోడ్డు సన్నబడి, రెండు పక్కలా రాతిగోడలు, గుర్రాలు మేసే పచ్చికబయళ్ళు. ఆల్డీ, మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్, ఆ పైన కొండ దగ్గర పారిస్ అనే ఊరు. ఎత్తులూ పల్లాలూ, ముప్ఫై నుంచి యాభై ఐదు దాకా మారే వేగాలు. ఇంజను కుదురుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. మొదటి వంద మైళ్ళూ కొత్త టైర్లు కూడా జారుడుగా ఉంటాయి, బ్రేకులు కూడా సరిగ్గా పట్టవు, అందుకని మలుపుల్లో బుద్ధిగా ఉండాలి.

తెల్లవారుజామున బయల్దేరే ముందు కొన్నిసార్లు రూట్ 28 మీద విమానాల మ్యూజియం దాకా ఒక చుట్టు కొట్టేవాణ్ణి. 2003 డిసెంబరులో తెరిచిన ఉద్వార్-హేజీ సెంటరది, చుట్టాలొస్తే అందరం తీసుకెళ్ళేదే. విమానాల తొలి రోజుల్లో పేరు మోసిన గ్లెన్ కర్టిస్ మొదట మోటారుసైకిళ్ళవాడు. 1907 జనవరిలో ఫ్లారిడా ఇసుకతీరం మీద ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టిన బండితో గంటకి 136 మైళ్ళ వేగం అందుకున్నాడు. ఆ బండిని స్మిత్సోనియన్ వాళ్ళే భద్రపరిచారు. దాన్నెవరు ఫ్రీ చేశారో!

మూడు వందల మైళ్ళకి మొదటి సర్వీసు. ఆయిలు తీస్తుంటే దగ్గర నిలబడి చూశాను. నల్లటి ఆయిల్లో సన్నటి వెండి తళుకు, రింగూ గోడా కుదురుకున్న గుర్తు. మెకానిక్కు కుర్రవాడు అదంతా మామూలేనని చెప్పి కొత్త ఆయిలు పోశాడు. ఆ తర్వాత బండి నిజంగానే గొంతు మార్చింది. ఈసారి నాకు తెలిసింది.

ఆ జూన్‌లో అక్క వచ్చింది. గరాజులో బండి చూసి చుట్టూ తిరిగింది. ట్యాంకు మీద పేరు చదివి, ఇది మనదేగా అంది. తర్వాత అడిగింది, "ఫ్రీ అయిందా?"

ఇంకో రెండు వందల మైళ్ళుందన్నాను.

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ పెళ్ళి స్కూటరు సంగతి తనే ఎత్తింది. పన్నెండేళ్ళు దాని వెనక పక్కవాటుగా కూర్చుని, ఒక చేత్తో స్టెప్నీ, ఇంకో చేత్తో పిల్లని పట్టుకుని తిరిగిందట. ముందు సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు. "మీ బావ దాన్ని బాగానే చూసుకున్నాడు. కానీ నాన్న దాన్ని ఇచ్చి వెళ్ళేటప్పుడు తాళంతో పాటు ఒక చిన్న డైరీ కూడా ఇచ్చాడు చూడు, ఎంత తిరిగిందో రాసింది. దాన్ని మీ బావ ఎప్పుడూ తెరవలేదు. నా దగ్గరే ఉంది" అంది. ఆ డైరీ అలా వెళ్ళిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆఖరి పేజీలో ఏముందని అడిగాను. "ఏముంటుంది, విజయవాడ, ముప్ఫై రెండు కిలోమీటర్లు" అంది.

మర్నాడు పొద్దున్న సల్వారు కమీజు వేసుకుని తయారై వచ్చింది. ఎలాగూ మెల్లగానే పోతావుగా, ఎక్కించుకో అంది. హెల్మెట్టు పెట్టి పట్టీ బిగించాను. పక్కవాటుగా కాదు, అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చుంది. మా ఆవిడ వాకిట్లోకి వచ్చి ఏమీ అనకుండా చూసింది. ఆల్డీ దాకా వెళ్ళి వద్దామని బయల్దేరాం. గిల్బర్ట్స్ కార్నర్ రౌండబౌట్ దగ్గర ఆగినప్పుడు నా భుజం మీద తట్టింది.

"ఒరేయ్, నేను ఇందాకట్నుంచీ ముల్లు చూస్తూనే ఉన్నాను. నువ్వూ నాన్నలాగే నలభై దాటవేమిట్రా?"

"ఇవి మైళ్ళక్కా" అన్నాను.